ఫిట్స్ మాత్రలు వాడేవారి థైరాయిడ్ రిపోర్టు ఎలా చదవాలి

(మూర్ఛకు మందులు వాడుతున్నవారి కుటుంబాల కోసం బెంగళూరులో తెలుగులో జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా అండీ? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. సరే, వినపడుతోంది.

మీలో చాలామంది అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇంకొంతమంది మూడు నెలలకోసారి చూపించుకోవడానికి వచ్చి వెళ్ళేవాళ్ళు. ఎవరైనా సరే, చేతిలో ఒక ఫైలు ఉంటుంది. ఆ ఫైల్లో ఎక్కడో ఒక థైరాయిడ్ రిపోర్టు ఉంటుంది. ఒక అంకె పక్కన ల్యాబువాళ్ళు బొద్దు అక్షరాల్లో తక్కువ అనో ఎక్కువ అనో కొట్టి ఇస్తారు. అది చూడగానే ఇంట్లో గాభరా. ఫిట్స్ చాలదన్నట్టు ఇప్పుడు థైరాయిడ్ కూడానా అని. ఆ గాభరాలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, అక్కర్లేని థైరాయిడ్ మాత్ర మొదలవుతుంది. రెండోది, ఇది మరీ ప్రమాదం, ఫిట్స్ మాత్ర వల్లే ఇదంతా అని ఎవరో అంటే విని ఆ మాత్ర ఆపేస్తారు. ఆపిన కొద్ది రోజులకే ఫిట్స్ వస్తాయి. ఒక్కోసారి ఆగకుండా వస్తాయి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. థైరాయిడ్ రిపోర్టు గానీ, జింక్, రాగి, సెలీనియం రిపోర్టు గానీ ఒంటరిగా చదవకూడదు. పక్కన మందుల చీటీ ఉండాలి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటి నుంచి. ఈ మూడూ తెలియకుండా ఆ అంకెకి అర్థం చెప్పడం ఎవరికైనా కష్టం. డాక్టరుకైనా కష్టం.

ఇదేదో నలుగురైదుగురికి సంబంధించిన సంగతి అనుకోకండి. ఈ బెంగళూరులోనే నిమ్హాన్స్, అంటే మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి వాళ్ళు నగరంలోనూ పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి, లక్షమందికి పైగా జనాన్ని లెక్క తీశారు. వెయ్యిమందిలో దాదాపు 9 మందికి మూర్ఛ ఉందని తేలింది. నగరంలో వెయ్యికి 6 లోపు, పల్లెల్లో 12 దాకా. పల్లెల్లో రెట్టింపు, చూశారా? థైరాయిడ్ సమస్య అంతకన్నా మామూలు, ఆడవాళ్ళలో మరీను. కాబట్టి ఒకే మనిషికి రెండూ ఉండటం వింతేమీ కాదు.

అంకె తగ్గినా జబ్బు లేకపోవడం

గొంతు ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి రోజుకు సుమారు 80 నుంచి 100 మైక్రోగ్రాముల టీ4 అనే హార్మోను తయారు చేస్తుంది. టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. అందులో ఒకటి ఊడదీస్తే టీ3 అవుతుంది. కణాల్లో అసలు పని చేసేది టీ3. మన ఒంట్లో ఉండే టీ3లో నూటికి 80 వంతులు గ్రంథిలో పుట్టదండీ. కాలేయం, కిడ్నీలు, కండరాల్లాంటి చోట్ల టీ4 నుంచి తయారవుతుంది. ఆ ఒక్క అయోడిన్‌ని ఊడదీసే ఎంజైముల్లో సెలీనియం ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇక మెదడు కింద పిట్యూటరీ గ్రంథి ఉంది. హార్మోను చాలకపోతే అది టీఎస్‌హెచ్ పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది.

ఇప్పుడు ఫిట్స్ మందులకి వద్దాం. వీటిలో కొన్ని కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడతాయి. ఫినోబార్బిటాల్, అంటే గార్డినాల్. ఫెనిటాయిన్, అంటే ఎప్టాయిన్. కార్బమజిపైన్, అంటే టెగ్రిటాల్, మాజెటాల్. ఈ మూడూ ఆ కోవలోవి. ఫినోబార్బిటాల్‌ని ఫిట్స్‌కి వాడటం 1912లో మొదలైంది, ఫెనిటాయిన్ 1938లో వచ్చింది. పాత మందులని తీసిపారేయకండి. చవక, బాగా పని చేస్తాయి, ఊళ్ళలో ఇప్పటికీ ఎక్కువమంది వాడేది వీటినే. అయితే వీటివల్ల కాలేయం టీ4ని మామూలుకన్నా వేగంగా కరిగించి బయటికి పంపేస్తుంది. అందుకని రక్తంలో మొత్తం టీ4 తగ్గుతుంది. ఆక్స్‌కార్బజిపైన్ వాడే పిల్లల్లో కూడా టీ4 తగ్గడం చూస్తాం.

ఫెనిటాయిన్‌తో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను. రక్తంలో టీ4 ఒంటరిగా తిరగదు, ప్రొటీన్లకి అంటుకుని తిరుగుతుంది. విడిగా ఉండేది 0.03 శాతం మాత్రమే. పని చేసేది ఆ కాస్తే. దాన్నే ఫ్రీ టీ4 అంటాం. మెజెస్టిక్ బస్టాండులో నిండిన బస్సు అనుకోండి. సీట్లనిండా టీ4 కూర్చుని ఉంది. ఫెనిటాయిన్ కూడా అదే బస్సెక్కి కొన్ని సీట్లు ఆక్రమించింది. లేచిన టీ4ని కాలేయం దించేసింది. మొత్తం టీ4 తగ్గింది, కానీ నిలబడి ఉన్న టీ4, అంటే ఫ్రీ టీ4, ఇంచుమించు ఎప్పుడూ ఉన్నంతే ఉంది. మరి ల్యాబు మిషన్ ఏం చేస్తుంది? చాలా మిషన్లు సీరమ్‌ని, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని, పలచన చేసి కొలుస్తాయి. పలచన చేయగానే ఫెనిటాయిన్ సీట్లు వదిలేస్తుంది. ఖాళీ అయిన సీట్లలో టీ4 మళ్ళీ కూర్చుంటుంది. అప్పుడు లెక్కపెడితే నిలబడ్డది తక్కువే కనిపిస్తుంది. ఒంట్లో తక్కువ లేదు, మిషన్‌లో తక్కువైంది. 20 నుంచి 40 శాతం దాకా తక్కువ చూపించడం మామూలే. అమెరికాలో సర్క్స్, డిఫేసీ అనే ఇద్దరు 1996లో పలచన చేయని సీరమ్‌తో కొలిచి చూశారు. ఫెనిటాయిన్, కార్బమజిపైన్ వాడేవాళ్ళలో ఫ్రీ టీ4 మామూలుగానే ఉందని తేల్చారు.

అయితే మనం దేన్ని చూడాలి? టీఎస్‌హెచ్‌ని చూడాలి. ఫ్రీ టీ4 కాస్త తక్కువ, టీఎస్‌హెచ్ 2 లేదా 3, అంటే మామూలే, మనిషి బాగానే ఉన్నాడు, మందు ఫెనిటాయిన్ లేదా కార్బమజిపైన్. ఈ నాలుగూ కలిస్తే చాలావరకు అది మందు చేసిన మార్పే. థైరాయిడ్ మాత్ర అక్కర్లేదు. టీఎస్‌హెచ్‌ని అప్పుడప్పుడు చూసుకుంటే చాలు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పి తీరాలి. పిట్యూటరీ గ్రంథిలోనే జబ్బు ఉన్నా ఫ్రీ టీ4 తగ్గి, టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపిస్తుంది. మానని తలనొప్పి, పక్కచూపు తగ్గడం, నెలసరి ఆగిపోవడం, బీపీ పడిపోవడం లాంటివి కూడా ఉంటే మందు వల్లే అని వదిలేయకూడదు. డాక్టరుగారికి ఆ లక్షణాలు విడిగా చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

ఇంకో సంగతి. ఒకసారి ఊళ్ళో ల్యాబులో, ఇంకోసారి ఇక్కడి ల్యాబులో చేయించి ఆ రెండు అంకెలూ పోల్చకండి. మిషన్ మారితే కొలిచే పద్ధతి మారుతుంది. వీలైనంతవరకు ఒకే ల్యాబు, పొద్దున ఒకే వేళ, ఆ రోజు థైరాయిడ్ మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఫిట్స్ మాత్ర మాత్రం వేళ తప్పించకండి. పరీక్ష కోసమని ఫిట్స్ మాత్ర ఆలస్యం చేసేవాళ్ళు ఉన్నారు. వద్దు. రక్తంలో ఫిట్స్ మందు ఎంత ఉందో కొలవమన్నప్పుడు మాత్రమే వేళ గురించి డాక్టరు విడిగా చెబుతారు.

ముందే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే

ఇప్పటిదాకా చెప్పింది గ్రంథి బాగున్నవాళ్ళ సంగతి. గ్రంథి బాగుంటే కాలేయం ఎంత కరిగించినా అంత ఎక్కువ తయారు చేసి సర్దుకుంటుంది. మరి గ్రంథి పని చేయనివాళ్ళు? థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ లాంటి థైరాయిడ్ మాత్రనే నమ్ముకున్నవాళ్ళు? వాళ్ళ గ్రంథి సర్దుకోలేదు కదా. వాళ్ళకి వచ్చేదంతా మాత్రలోంచే.

75 మైక్రోగ్రాముల మాత్రతో టీఎస్‌హెచ్ 2.5 దగ్గర నిలకడగా ఉన్న ఆవిడ ఉందనుకుందాం. ఫిట్స్ వచ్చాయి, ఫెనిటాయిన్ మొదలైంది. కాలేయం పూర్తిగా రెచ్చిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కార్బమజిపైన్ అయితే మూడు నుంచి ఐదు వారాలు. టీ4 సగం తగ్గడానికి ఒక వారం పట్టే హార్మోను, కాబట్టి మార్పు వెంటనే తెలియదు. రెండు నెలలకి టీఎస్‌హెచ్ 9కి చేరుతుంది. ఒళ్ళు బరువు, మలబద్ధకం, మగత. ఇంట్లోవాళ్ళు ఫిట్స్ మాత్ర మత్తే అనుకుంటారు. అందుకే ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్, కార్బమజిపైన్, ఈ మూడు మందుల్లో ఏది మొదలుపెట్టినా, డోసు పెంచినా, 6 నుంచి 8 వారాల్లో టీఎస్‌హెచ్ చేయించాలి. థైరాయిడ్ మాత్ర డోసు పెంచాల్సి వస్తే 12.5 లేదా 25 మైక్రోగ్రాముల చొప్పున పెంచుతారు.

అసలు దెబ్బ తగిలేది దీనికి ఎదురు దారిలో. అందరూ మరిచిపోయేది కూడా అదే. కార్బమజిపైన్ ఆపి లెవెటిరాసెటామ్‌కి మారుస్తారు, అంటే లెవిపిల్‌కి. ఇది కాలేయాన్ని రెచ్చగొట్టదు, థైరాయిడ్ జోలికి పెద్దగా పోదు. లామోట్రిజిన్ కూడా అంతే. మంచి మార్పే. కానీ రెండు మూడు వారాల్లో కాలేయం మామూలు స్థితికి వస్తుంది. పెంచి ఇస్తున్న థైరాయిడ్ డోసు ఇప్పుడు ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే ఏమవుతుందో ఇక్కడున్న తల్లులందరికీ తెలుసు. ఫిట్స్ వస్తాయి. థైరాయిడ్ హార్మోను ఎక్కువ కావడమే ఫిట్స్‌ని రేపగలదు, నిద్రలేమి దానికి తోడు. అప్పుడు కొత్త ఫిట్స్ మందు పని చేయలేదన్న మాట పడుతుంది. మందు తప్పు కాదు. థైరాయిడ్ డోసు సరిచేయలేదంతే. ఫిట్స్ మందు మార్చిన రోజునే క్యాలెండర్లో 6 వారాల తర్వాతి తేదీకి సున్నా చుట్టండి. ఆ తేదీకి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి.

ఇక వాల్‌ప్రోయేట్. వాల్పారిన్, ఎన్‌కొరేట్ అని దొరుకుతుంది. దీని దారి వేరు. ఇది కాలేయాన్ని రెచ్చగొట్టదు. ఫ్రీ టీ4 మామూలుగా ఉంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం పెరుగుతుంది. 5, 6, 8 ఇలా. పిల్లల్లో, డోసు ఎక్కువైనప్పుడు ఎక్కువగా చూస్తాం. టీఎస్‌హెచ్ విడుదలను అదుపు చేసే మెదడు సంకేతాలను ఈ మందు మారుస్తుందని ఒక వివరణ. జింక్, సెలీనియం తగ్గడం వల్ల అని ఇంకో వివరణ. ఏదైనా, చాలామందిలో ఇది పైకి లక్షణాలు లేని పెరుగుదలే. మందు ఆపాల్సిన రోజు వచ్చి ఆపితే దానంతటదే తగ్గుతుంది.

అలాంటప్పుడు ఏం చేయాలి? రెండు మూడు నెలలు ఆగి మళ్ళీ చేయించాలి. దాంతోపాటు యాంటీ టీపీఓ అనే పరీక్ష ఒకసారి చేయిస్తే గ్రంథికి సొంతంగా జబ్బు ఉందో లేదో తెలుస్తుంది. టీఎస్‌హెచ్ 10 దాటితే, ఫ్రీ టీ4 కూడా తగ్గితే, గర్భం ఆలోచన ఉంటే, గొంతు వాపు ఉంటే, పిల్లవాడి ఎదుగుదల ఆగితే థైరాయిడ్ మాత్ర అవసరం పడవచ్చు. లేకపోతే చూస్తూ ఉండటమే వైద్యం. టీఎస్‌హెచ్ 6 వచ్చిందని వాల్‌ప్రోయేట్ ఆపడం మాత్రం ఎంతమాత్రం తగదు.

జింక్, రాగి, సెలీనియం

వాల్‌ప్రోయేట్‌తో జుట్టు ఊడుతుంది. అందరికీ కాదు, కొందరికి. చాలావరకు డోసు తగ్గిస్తే ఆగుతుంది, జుట్టు తిరిగి వస్తుంది. కొంచెం ఉంగరాలు తిరిగి వస్తుంది కూడా. ఈ మందు జింక్‌ని పట్టి ఉంచే స్వభావం కలది. దీన్ని వాడేవాళ్ళ రక్తంలో జింక్ తక్కువ ఉందని కొన్ని అధ్యయనాల్లో తేలింది, కొన్నింటిలో తేడా కనపడలేదు. కాబట్టి జింక్ చూడటంలో తప్పు లేదు. తప్పంతా చూసే పద్ధతిలోనూ, మాత్రలు మింగే పద్ధతిలోనూ ఉంది.

రక్తంలో జింక్‌ని మామూలు ట్యూబులో తీస్తే నమ్మలేం. ట్యూబు రబ్బరు మూతలోంచే జింక్ కలుస్తుంది. ఖనిజాల పరీక్షకని ముదురు నీలం మూత ట్యూబు వేరే ఉంటుంది, అది అడగండి. పరగడుపున, పొద్దున తీయాలి. సూది గుచ్చడంలో ఎర్రకణాలు పగిలితే జింక్ ఎక్కువ చూపిస్తుంది. జ్వరం ఉన్నప్పుడు జింక్ కాలేయంలోకి చేరుకుని రక్తంలో తక్కువ చూపిస్తుంది. జ్వరం వచ్చిన వారం ఈ పరీక్ష డబ్బు దండగ.

జింక్ తక్కువ అనగానే మందుల షాపులో ఓ డబ్బా కొనేస్తాం. మన జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాములు, ఆడవారికి 13 చిల్లర కావాలి. లేబుల్ మీద ఉన్న అంకె లవణం బరువా, అందులోని జింక్ బరువా చూడండి. 220 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్‌లో ఉండే జింక్ 50 మిల్లీగ్రాములే. ఆ 50 కూడా రోజూ నెలల తరబడి మింగితే ఏమవుతుంది? పేగు గోడలో ఒక ప్రొటీను పెరుగుతుంది. అది రాగిని పట్టేసి మలంలోకి పంపేస్తుంది. ఒంట్లో రాగి కరువవుతుంది. రక్తహీనత వస్తుంది, తెల్లకణాలు తగ్గుతాయి, కాళ్ళు తిమ్మిరెక్కి నడక తూలుతుంది. ఫిట్స్ మందు డోసు ఎక్కువైనా నడక తూలుతుంది కదా? ఇక్కడే పొరబడతారు. ఫెనిటాయిన్ ఎక్కువైందనుకుని దాన్ని తగ్గిస్తారు. తగ్గించాల్సింది జింక్. డాక్టరు రాస్తేనే వేసుకోండి, ఎన్ని వారాలకో రాయించుకోండి. గుమ్మడి గింజలు, నువ్వులు, శనగలు, గుడ్లు, మాంసం వీటిలోంచి వచ్చే జింక్‌తో ఈ గొడవ లేదు. పప్పుధాన్యాలు నానబెట్టి మొలకెత్తిస్తే జింక్ ఇంకా బాగా ఒంటబడుతుంది.

రాగి సంగతి రెండు మాటల్లో. ఫెనిటాయిన్, కార్బమజిపైన్, ఫినోబార్బిటాల్ వాడేవాళ్ళకి రక్తంలో రాగి ఎక్కువ వస్తుంది. రాగిని మోసే ప్రొటీనుని కాలేయం ఎక్కువ తయారు చేయడం వల్ల ఆ అంకె పెరుగుతుంది. విషం కాదు. గర్భిణులకీ, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకీ ఇలాగే పెరుగుతుంది. రాగి చెంబు అటక మీద పెట్టేయాల్సిన పని లేదు. చెంబులో మజ్జిగ, నిమ్మరసం లాంటి పులుపు నిలవ ఉంచకండి, అది ఎవరికైనా వర్తించేదే.

సెలీనియం. టీ4ని టీ3గా మార్చే ఎంజైముల్లో ఉంటుందన్నాను కదా. గ్రంథిలో హార్మోను తయారయ్యేటప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి గ్రంథిని కాపాడేది కూడా సెలీనియం ఉన్న ఎంజైమే. అందుకని థైరాయిడ్‌కి సెలీనియం మంచిదన్న మాట బాగా పాకింది. నిజమే, కానీ రోజుకు కావాల్సింది 40 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములు కాదు, మైక్రోగ్రాములు. ఎక్కువైతే జుట్టు ఊడుతుంది, గోళ్ళు విరుగుతాయి, నోట్లోంచి వెల్లుల్లి వాసన వస్తుంది. జుట్టు కోసం మొదలుపెట్టి జుట్టే పోగొట్టుకోవడం ఎంత అన్యాయం చెప్పండి. ఈ మధ్య ఇక్కడి సూపర్ మార్కెట్లలో బ్రెజిల్ నట్స్ అమ్ముతున్నారు. ఒక్క గింజలోనే రోజుకు సరిపడా కన్నా ఎక్కువ సెలీనియం ఉండవచ్చు. గుప్పెడు తినేవి కావు.

ఇంకో జాగ్రత్త. అయోడిన్ కూడా కరువైన చోట సెలీనియం ఒక్కటే ఇస్తే థైరాయిడ్ ఇంకా దిగజారింది. అప్పటి జైర్ దేశంలో, అంటే ఇప్పటి కాంగోలో, చేసి 1991లో వెలువరించిన అధ్యయనంలో ఇది తేలింది. ముందు అయోడిన్, తర్వాతే సెలీనియం.

సెలీనియం నిజంగా ప్రాణం మీదికి వచ్చేది ఎవరికి? కీటోజెనిక్ ఆహారం మీద ఉన్న పిల్లలకి. మందులకి లొంగని ఫిట్స్‌కి కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం అతి తక్కువ ఉండే ఆహారం తూచి పెడతారు కదా, ఆ పిల్లలకి. ఆ తిండిలో సెలీనియం తక్కువ. లోపం ముదిరితే గుండె కండరం దెబ్బతింటుంది. ఆ పిల్లలకి పిండిపదార్థం లేని మల్టీవిటమిన్, ఖనిజాలు తప్పనిసరి. థైరాయిడ్, సెలీనియం పరీక్షలు డైటీషియన్ చెప్పిన వేళకి మానకండి. చక్కెర కలిసిన సిరప్‌లు ఇవ్వకండి.

జుట్టు మాత్ర చేసే మోసం

ఇప్పుడు చెప్పేది దయచేసి రాసుకోండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ వాడుతున్నవాళ్ళు ఎంతమంది? చూశారా, చేతులు చాలానే లేచాయి. బయోటిన్ ఒక బి విటమిను. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టు మాత్రలో 5 లేదా 10 మిల్లీగ్రాములు ఉంటుంది. 10 మిల్లీగ్రాములంటే 10,000 మైక్రోగ్రాములు. మూడు వందల రెట్లకు పైగా.

మాత్ర వల్ల థైరాయిడ్ పాడవదు. పరీక్ష పాడవుతుంది. చాలా మిషన్లు థైరాయిడ్ హార్మోన్లని కొలవడానికి బయోటిన్‌నే వాడుకుంటాయి. మన రక్తంలో బయోటిన్ నిండుగా ఉంటే ఆ కొలత తప్పుతుంది. టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువ, ఫ్రీ టీ4, టీ3 లేనిపోని ఎక్కువ వస్తాయి. రిపోర్టు చూస్తే అచ్చం థైరాయిడ్ ఎక్కువైన మనిషిలా ఉంటుంది. ఏమీ లేని మనిషికి థైరాయిడ్ తగ్గించే మాత్రలు మొదలవుతాయి. లేదా, ఇది మన సభకి సంబంధించినది, వాల్‌ప్రోయేట్ వల్ల నిజంగా టీఎస్‌హెచ్ 9 ఉన్న మనిషికి రిపోర్టులో 3 అని వస్తుంది. అంతా బాగుందని ఇంటికి వెళ్ళిపోతారు. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక కూడా జారీ చేసింది.

కాబట్టి పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు జుట్టు మాత్ర ఆపండి. మల్టీవిటమిన్ డబ్బా వెనకాల కూడా బయోటిన్ ఎంత ఉందో చూడండి. ఒక్క విషయం, పుట్టుకతో బయోటినిడేజ్ లోపం ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్ళకి ఫిట్స్ రావడానికి కారణమే ఆ లోపం, బయోటినే మందు. ఆ పిల్లలకి సొంతంగా ఆపకూడదు. ల్యాబుకి, డాక్టరుకి ముందే చెప్పి, బయోటిన్ అడ్డుపడని పద్ధతిలో చేయించాలి.

అయోడిన్, ఉప్పు, సీటీ స్కాన్

అయోడిన్ రోజుకు 150 మైక్రోగ్రాములు. మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు ఒకటి ఇక్కడ ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల దగ్గర కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు మీద పరిశోధన మొదలుపెట్టారు. అయోడిన్ ఉప్పు ఇచ్చిన ప్రాంతంలో గొంతువాపులు తగ్గిపోయాయి. దేశమంతా అయోడిన్ ఉప్పు రావడానికి ఆ పని పునాది. ఈ రోజు మన బెంగళూరులో ఆరోగ్యానికి మంచిదని సైంధవ లవణం, గులాబీ ఉప్పు వాడుతున్నారు. అయోడిన్ కలిపామని ప్యాకెట్ మీద లేకపోతే అందులో అయోడిన్ లేనట్టే. ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం ఉండాలని నియమం, అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాములు. మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టండి.

ఎక్కువైనా చేటే. సముద్రపు నాచు మాత్రలు వాడకండి. ఇంకోటి, ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో పురుగు గడ్డలేమో అని కాంట్రాస్ట్ ఇంజెక్షనుతో సీటీ స్కాన్ తీస్తారు. ఆ మందులో అయోడిన్ గ్రాముల లెక్కన ఉంటుంది. తర్వాత కొన్ని వారాల పాటు థైరాయిడ్ అంకెలు అటూ ఇటూ కావచ్చు. కొత్తగా థైరాయిడ్ చూడాలంటే స్కానుకి ముందు రక్తం ఇవ్వండి, లేదా 6 నుంచి 8 వారాలు ఆగండి. ఎమ్మారై ఇంజెక్షనులో అయోడిన్ ఉండదు.

మాత్రల వేళలు

థైరాయిడ్ మాత్ర పరగడుపున, నీళ్ళతో. తర్వాత అరగంట నుంచి గంట దాకా ఫిల్టర్ కాఫీ వద్దు. కష్టమే, తెలుసు, కానీ కాఫీతో కలిస్తే మందు ఒంటబట్టదు. ఐరన్, కాల్షియం, జింక్ కలిసిన మల్టీవిటమిన్ ఏదైనా థైరాయిడ్ మాత్రకి 4 గంటల దూరంలో ఉండాలి. ఫెనిటాయిన్ కూడా కాల్షియంతో, గ్యాసు మాత్రలతో, గ్యాసు సిరప్‌లతో కలిస్తే సరిగా ఒంటబట్టదు. 2 గంటల ఎడం పెట్టండి. 6 గంటలకి థైరాయిడ్, 7కి కాఫీ, 8కి టిఫిన్‌తో ఫిట్స్ మాత్ర, ఒంటిగంటకి భోజనంతో కాల్షియం, రాత్రి 9కి రెండో ఫిట్స్ మాత్ర. ఐరన్ ఉంటే సాయంత్రం 5కి, నిమ్మరసంతో. రెచ్చగొట్టే మందులు విటమిన్ డిని కూడా కరిగిస్తాయి, కాబట్టి చాలామందికి కాల్షియం, డి అవసరమే. మానేయమనట్లేదు, వేళ మార్చమంటున్నాను.

చివరగా పెళ్ళైన ఆడపిల్లలకి, పెళ్ళి కాబోయేవాళ్ళకి. వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం వస్తే పదిమంది పిల్లల్లో సుమారు ఒకరికి పుట్టుక లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. గర్భం రాకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. మార్చారా, థైరాయిడ్ మాత్ర ఉంటే మళ్ళీ 6 వారాలకి టీఎస్‌హెచ్. ఫోలిక్ యాసిడ్ ముందునుంచే కావాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో తయారు చేసి చూపిన విటమినే ఇది. ఫెనిటాయిన్ వల్ల ఫోలిక్ తగ్గుతుంది, అటు ఫోలిక్ 5 మిల్లీగ్రాములు మొదలుపెడితే రక్తంలో ఫెనిటాయిన్ తగ్గుతుంది. మొదలుపెట్టాక ఫెనిటాయిన్ స్థాయి కొలిపించుకోండి. 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి, ఒక మిల్లీలీటరుకి.

గర్భం నిలిచిందని తెలిసిన రోజే థైరాయిడ్ మాత్ర గురించి డాక్టరుకి ఫోన్ చేయండి. మామూలుగానే డోసు పాతికశాతం పైగా పెరుగుతుంది, రెచ్చగొట్టే ఫిట్స్ మందు కూడా ఉంటే ఇంకా పెరగవచ్చు. ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్. బిడ్డ పుట్టగానే డోసు మళ్ళీ పాత స్థాయికి దించాలి. కాన్పు హడావుడిలో ఇది మరిచిపోతారు, డిశ్చార్జి చీటీలోనే రాయించుకోండి. ఫిట్స్ మాత్ర మాత్రం కాన్పు రోజు కూడా వేళకి వేసుకోవాలి. పురిటినొప్పుల్లో మింగలేకపోతే ఇంజెక్షనుగా ఇవ్వమని పక్కనున్నవాళ్ళు నర్సుకి చెప్పాలి. ఇక మీ ప్రశ్నలు అడగండి.